పెరట్ల పావురాలే దిగుతున్నయ్, రంగుల పాటపిట్టలు రావాలంటే ఏం చెయ్యాలె?

బత్తాయితోట
నల్లగొండ టౌన్ల 200 గజాల ప్లాటు. ఇల్లు పోను వెనకాల 18 ఫీట్ల పొడవు, 10 ఫీట్ల వెడల్పు పెరడు ఉన్నది. ఒక వేపచెట్టు, ఒక కరివేపాకు, గోడ పొంటి రెండు ముద్దమందారాలు. బంగ్లా మీద పళ్లెంల నూకలు, జొన్నలు పోస్తున్న. వచ్చేటివి పావురాలు, గోరింకలు, కాకులు, అంతే. తేనెపిట్ట (సన్‌బర్డ్), పసుపుజిట్ట (అయోరా), వంగపండు పిట్ట (గోల్డెన్ ఓరియోల్) ఒక్కటి కూడ దిగుతలేదు. గింజ మార్చాల్నా, పళ్లెం మార్చాల్నా? ఏం చెయ్యాల్నో కొలతలతోని చెప్పుండ్రి.

పిగిలిపిట్ట
గింజ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. మీరు పేరు పెట్టి అడిగిన మూడింట్ల ఒక్కటి కూడ గింజ ముట్టదు. తేనెపిట్టకు పూలల్ల మకరందం, సాలీళ్లు కావాలె. పసుపుజిట్ట ఆకుల మీద గొంగళిపురుగులు ఏరుకుంటది. వంగపండుకు పండ్లు, పెద్ద పురుగులు. నూకలు పోసినంత కాలం పావురాలే వస్తయ్, పావురాలు నిండిన చోటికి చిన్న పిట్ట దిగదు. ముందు ఆ పళ్లెం తీసెయ్యుండ్రి. నీళ్లు పెట్టుండ్రి, పూల మొక్కలు పెట్టుండ్రి, మందు కొట్టుడు ఆపుండ్రి. వరుస గిదే.

ఉదయసముద్రం_గట్టు
పిగిలిపిట్ట గారు, గింజ పూర్తిగ దండగ అంటే ఒప్పుకోను. ఊరపిచ్చుకలు, జినువాయిలు (మునియాలు) గింజ మీదనే బతుకుతయ్. పొట్ట మీద పొలుసుల డిజైన్ ఉండే జినువాయి చూడ ముచ్చటగ ఉంటది. తప్పంతా పళ్లెం తెరిచి పెట్టుడుల ఉన్నది. ఒకటిన్నర ఇంచు కన్నం ఉండే వెల్డింగ్ జాలీ తీసుకొని పెట్టె లెక్క కట్టుండ్రి, గింజ గిన్నె నడుమ పెట్టుండ్రి. జాలీకి, గిన్నెకు నడుమ అన్ని దిక్కుల 6 ఇంచులు ఉండాలె, లేకుంటే పావురం బయట నిలబడే ముక్కు పెట్టి లాగుతది. పిచ్చుక, జినువాయి కన్నంల నుంచి దూరుతయ్. పావురం, గోరింక పట్టవు.

గింజ కూడ సన్నది కావాలె. కొర్రలు, సామలు పొట్టు తియ్యనివి, రెండూ సగం సగం. రోజుకు ఒక పిడికెడు చాలు, సాయంత్రానికి మిగలొద్దు. వానకు తడిసి బూజు పట్టిన గింజ పిట్టలను చంపుతది. గిన్నె వారానికోసారి ఒక వంతు బ్లీచింగ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కడిగి, ఎండల పూర్తిగ ఆరినంకనే మళ్ల పొయ్యాలె.

గిజిగాడు_మిర్యాల
దానికంటే తేలిక వడ్ల కంకుల కుచ్చు. కోతల టైంల గింజ గట్టిపడ్డ కంకులు అడుగు పొడవు గడ్డితోని కోసి, జానెడు మందం కట్ట కట్టి, వసారాల 7 ఫీట్ల ఎత్తుల వేలాడదియ్యాలె. పావురం వేలాడలేదు కాబట్టి దిగదు, పిచ్చుకలు, జినువాయిలు తలకిందులుగ వేలాడి తింటయ్. మిషన్ కోత అయిన పొలంల పొడవు గడ్డి దొరకదు, కోతకు ముందే రైతునడిగి గట్టు పొంటి రెండు పిడికిళ్లు కొడవలితోని కోసుకోవాలె.

రెక్కమందారం
బత్తాయితోట తమ్మీ, మీ గోడ పొంటి మందారం ముద్దది. అందుల రేకులు ఒత్తుగ ఉండి మకరందం దాకా ముక్కు పోదు. ఒంటి రెక్క ఎర్రమందారం పెట్టు. ఇంకా:

హమేలియా. ఏ నర్సరీల అడిగినా ఇస్తరు. నారింజరంగు గొట్టం పూలు, ఏడాదిల ఎక్కువ నెలలు పూస్తనే ఉంటది. పూలకు తేనెపిట్ట, పండిన నల్లకాయలకు పిగిలిపిట్ట (బుల్‌బుల్) వస్తది. ఎండ పూర్తిగ పడాలె, నీడల పెడితే ఆకే తప్ప పువ్వుండదు. 6 నుంచి 8 ఫీట్లు పెరుగుతది, మొక్కకు మొక్కకు 4 ఫీట్లు విడిచిపెట్టు.

దానిమ్మ, మునగ, అవిసెచెట్టు. ఈ మూడు పూతలకు తేనెపిట్ట తప్పకుండ వస్తది, పైగ ఇంటికీ పనికొస్తయ్. మునగను 8 ఫీట్ల దగ్గర తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూత కిందికి ఉంటది, చూడనీకి బాగుంటది.

కరివేపాకును మొదలంటా నరకకు. ఒక కొమ్మ పూసి కాయనియ్యి. వానకాలంల నల్లగ పండిన కాయలకు పిగిలిపిట్టలు, కోయిల, కంసాలిపిట్ట వస్తయ్.

ఒకటే మొక్క ఒక మూలకు పెట్టకు. తేనెపిట్ట మగది ఒక పొదను సొంతం చేసుకొని మిగతావాటిని తరుముతది. రెండు పొదలు ఎదురెదురు మూలల్ల ఉంటే రెండు జంటలకు జాగ దొరుకుతది.

బత్తాయితోట
అక్కా, ఆ మందారాలకు పిండినల్లి మస్తు పట్టింది. పురుగుమందుల దుకాణంల ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చిండ్రు, ఇంకా కొట్టలేదు. కొట్టొచ్చా?

రెక్కమందారం
కొట్టకు. అది వేరు నుంచి, ఆకు నుంచి మొక్క లోపలికి పోయి మకరందంలకు, పుప్పొడిలకు కూడ చేరుతది. ఏ పువ్వు కోసం పిట్ట రావాలంటున్నవో ఆ పువ్వునే విషం చేసినట్టు. బాగ పట్టిన కొమ్మల కొనలు కత్తిరించి కవర్ల కట్టి పారెయ్యి. మిగతాదానికి పైపుతోని నీళ్లు గట్టిగ కొట్టు, మూడు రోజులకోసారి. ఇంకా ఉంటే లీటరు నీళ్లల్ల 5 మి.లీ. వేపనూనె, 2 మి.లీ. గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి పొద్దుగూకినంక ఆకు అడుగుకు కొట్టు. వారం విడిచి ఇంకోసారి. చీమల బారును కూడ ఆపాలె, పిండినల్లిని మోసేది అవే.

కొల్లాపూర్_మామిడి
దీనికి ఇంకో కారణం కలుపుతున్న. గింజ తినే పిచ్చుక అయినా, గిజిగాడు అయినా పిల్లలకు మొదటి రోజుల్ల పెట్టేది పురుగులే. పురుగు లేని పెరట్ల గూడు నిలవదు. నిమ్మచెట్టుకు గొంగళిపురుగు పట్టిందంటే మందు వెతకొద్దు, రెండు మూడు రోజులు ఆగి చూడుండ్రి, లిక్కజిట్ట (టైలర్‌బర్డ్), పసుపుజిట్ట ఏరుకుంటయ్.

ఇంకో మాట. పత్తి, మక్కల విత్తనాలు మిగిలితే పిట్టలకు పోస్తుంటరు కొందరు. ఎరుపు, గులాబీ, నీలం రంగు పూసిన విత్తనం మందు పట్టించింది. ఒక్క గింజ కూడ బయట పడెయ్యొద్దు, నేలల పూడ్చాలె. మోనోక్రోటోఫాస్ కొట్టిన చేను పక్కన ఇల్లుంటే ఆ రోజు నీళ్ల మూకుడు బోర్లించి, తెల్లారి కడిగి నింపాలె. ఆ మందు పిట్టలకు మహా విషం.

పాలమూరు_పొద
అందరూ తిండి గురించే చెప్తున్నారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది, ఆ రోజుల్లో ఏ పువ్వు కన్నా నీళ్లకే ఎక్కువ పిట్టలు వస్తాయి. గింజ తినని పిట్టలను దగ్గరగా చూడటానికి కూడా నీళ్లే దారి. కాబట్టి నీళ్ల గురించి వివరంగా రాస్తున్నాను.

మూకుడు మట్టిది, 14 నుంచి 16 అంగుళాల వెడల్పు. అంచు దగ్గర అర అంగుళం లోతు, మధ్యలో 2 అంగుళాలకు మించకూడదు. స్టీలు, ప్లాస్టిక్ వద్దు, నీళ్లు కాగుతాయి, కాళ్లు జారతాయి. లోతెక్కువ మూకుడే ఉంటే గులకరాళ్లు పరిచి లోతు తగ్గించండి. ఇటుకలు పేర్చి 3 అడుగుల ఎత్తులో, వేప నీడలో పెట్టండి. పిట్ట తడిసిన రెక్కలతో ఎగిరి కూర్చోవడానికి 6 నుంచి 8 అడుగుల దూరంలో కొమ్మ ఉండాలి. పొద మరీ దగ్గరగా ఉంటే పిల్లి అందులో పొంచి ఉంటుంది.

అసలు సంగతి చుక్క నీరు. నిలిచిన నీళ్లు పిట్టకు పైనుంచి కనబడినా ఒక్కోసారి దిగదు, టప్ టప్ మని చుక్క పడితే దిగుతుంది. 5 లీటర్ల డబ్బా, మందుల షాపులో దొరికే కొత్త సెలైన్ సెట్టు తీసుకోండి. డబ్బా మూతకు సన్నటి కన్నం పెట్టాలి, గాలి పోకపోతే ధార ఆగుతుంది. డబ్బాను కొమ్మకు మూకుడు కన్నా 3 అడుగుల పైన కట్టి, చక్రం తిప్పి సెకనుకు ఒక చుక్క వచ్చేలా పెట్టండి. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మి.లీ., అంటే గంటకు 180 మి.లీ., డబ్బా ఒక రోజు దాటి వస్తుంది. డబ్బాకు గోనెసంచి చుట్టండి, లేకపోతే పాచి పట్టి గొట్టం మూసుకుపోతుంది.

మూకుడు రోజూ పొద్దున్నే కొబ్బరి పీచుతో రుద్ది, నీళ్లు మొక్కలకు పోసి మళ్లీ నింపాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఇంకోసారి. రోజూ మారిస్తే దోమ పిల్లకు ఎదిగే సమయమే దొరకదు.

మన్ననూరు_దారి
సెలైన్ సెట్టు అనంగనే 2018ల మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఎక్కించిన సెలైన్లు గుర్తుకొచ్చినయ్. ఆ మర్రిచెట్టుకు సెలైన్ల పోసింది చెదలను చంపే క్లోరిపైరిఫాస్ మందు. కాబట్టి చెట్లకు వాడిన పాత సెట్టు ఎవరిచ్చినా తీసుకోవద్దు, పొద గారు చెప్పినట్టు కొత్తదే కొనుండ్రి.

తోకపిగిలి (ప్యారడైజ్ ఫ్లైక్యాచర్) గురించి ఎవ్వరు రాయలేదు. అది గింజకు రాదు, పండుకు రాదు, చుక్క నీళ్లకు మాత్రం వస్తది. చలికాలం అటూ ఇటూ నీడగ ఉన్న పెరడైతే చూడుండ్రి. తెల్లగ, రిబ్బను లాంటి పొడుగు తోక ఉంటే మగది. ఇటుకరంగుల పొడుగు తోక ఉంటే అది కూడ మగదే, ఆడది అనుకోవద్దు. ఆడదానికి తోక పొట్టి. నీళ్లల్ల కూర్చోదు, కొమ్మ మీది నుంచి దూకి తడిసి మళ్ల కొమ్మ ఎక్కుతది.

బత్తాయితోట
మా బోరు నీళ్లు ఉప్పగ ఉంటయ్, రెండు రోజులల్ల గిన్నెకు తెల్లటి పొర కడుతది. ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి పొయ్యే నీళ్లు వృథా అయితున్నయ్ గదా, అవి పొయ్యొచ్చా?

పాలమూరు_పొద
ఆర్‌ఓ బయటికి వదిలే నీళ్లలో మీ బోరు ఉప్పులన్నీ ఇంకా చిక్కగా ఉంటాయి. బోరు నీళ్ల కన్నా అవే చెడ్డవి, పిట్టలకూ వద్దు, కుండీలకూ వద్దు. వాకిలి కడగడానికి వాడండి. మిషన్ భగీరథ నల్లా ఉంటే ఆ నీళ్లు పొయ్యండి, వానాకాలం డాబా మీది వాన నీళ్లు. పట్టిన తెల్లపొరకు సగం కోసిన నిమ్మకాయ రుద్ది అరగంట ఉంచి పీచుతో తోమితే పోతుంది. బాత్రూం యాసిడ్, సబ్బు పొడి ముట్టించవద్దు, మట్టి పీల్చుకుంటుంది.

కొల్లాపూర్_మామిడి
ఆన్‌లైన్ల ఎర్ర ప్లాస్టిక్ పూలున్న చక్కెరనీళ్ల సీసాలు అమ్ముతున్నరు. తేనెపిట్టలకు పనికొస్తయా ఎవరన్న చెప్పుండ్రి.

పిగిలిపిట్ట
అవి హమ్మింగ్‌బర్డ్‌ల కోసం చేసినవి, ఆ పిట్టలు అమెరికా ఖండాల్లనే ఉంటయ్. అవి గాలిల ఆగి తాగుతయ్. మన తేనెపిట్ట ఎక్కువగ కొమ్మ పట్టుకొని తాగుతది, కూర్చునే పుల్ల లేని సీసా దానికి కుదరదు. పైగ మన ఎండకు చక్కెరనీళ్లు మధ్యాహ్నానికే పులుస్తయ్. చీమలు, తేనెటీగలు పడి మూతి మూసుకుంటది.

జామచెట్టు_జడ్చర్ల
పూలు లేని నెలల్ల చక్కెరనీళ్లు పెడితే తప్పేం లేదు. ఒక వంతు చక్కెర, నాలుగు వంతుల నీళ్లు, రంగు కలపొద్దు, బెల్లం వద్దు, తేనె వద్దు. పొద్దున 50 మి.లీ. పెట్టి 11 గంటలకల్ల తీసి వేడినీళ్లతోని కడగాలె.

పిగిలిపిట్ట
లెక్క సరిగ్గనే ఉన్నది. కాని రోజూ కడిగేటోళ్లు ఎంతమంది? కడగని సీసా కంటే సీసా లేకపోవుడే మంచిది. 60 రూపాయల హమేలియా మొక్కకు కడిగే పని లేదు.

గిజిగాడు_మిర్యాల
సింగపూర్ చెర్రీ చెట్టు పెట్టుండ్రి అన్నిటికంటే. రెండేళ్లలోపే కాస్తది, ఏడాది పొడుగూత పండ్లు. పిగిలిపిట్ట, గోరింక, కోయిల, పొట్టిగ ఉండే పూలపిట్టలు (ఫ్లవర్‌పెక్కర్లు), అన్నీ ఒకే చెట్టు మీద.

రెక్కమందారం
10 ఫీట్ల వెడల్పు పెరట్ల వద్దు. గొడుగు లెక్క 20 ఫీట్లు పరుచుకుంటది, కింద హమేలియాకు ఎండ తగలదు. రాత్రి గబ్బిలాలు వచ్చి పండ్లు తిని గోడల మీద ఉమ్మేస్తయ్, పక్కింటోళ్లతోని పంచాయితీ. పొలం గట్టుకు, బడి ఆవరణకు అయితే చాలా మంచిది.

గిజిగాడు_మిర్యాల
అక్క చెప్పింది నిజమే, నేను పొలం గట్టు లెక్కల చెప్పిన. చిన్న పెరడైతే జామ. మూడు నాలుగు పండ్లు చెట్టు మీదనే మాగనిస్తే చాలు. సీతాఫలం కూడ, బాలానగర్ రకం అయితే మరీ మంచిది. పండు విచ్చుకున్నంక పిగిలిపిట్టలు లోపల గుజ్జు తింటయ్.

బత్తాయితోట
వంగపండు పిట్టకు ఏం పెట్టాలె మరి? పిల్లలు దాని కోసమే అడుగుతున్నరు.

మన్ననూరు_దారి
పెరట్ల ఏం పెట్టినా గ్యారంటీ లేదు. దానికి మర్రి, రావి, జువ్వి, మేడి పండ్లు కావాలె. 200 గజాల ప్లాట్ల రావి పెడితే పునాది లేస్తది, పెట్టొద్దు. మీ గల్లీ దగ్గర గుడి కాడ పాత రావి గాని, చెరువు కట్ట మీద మర్రి గాని ఉంటది. పండు ఎర్రబడ్డ వారంల పొద్దున 6 నుంచి 8 దాకా పిల్లలను దాని కిందికి తీసుకపొండ్రి. పసుపు కనబడే ముందు పిల్లనగ్రోవి లాంటి ఈల వినబడుతది. మగదానికి ఒళ్లు బంగారు పసుపు, కన్ను మీది నుంచి నల్ల గీత.

అడవి పిట్టలన్ని టౌన్లకు రావు. 1931-32ల పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంల పక్షుల సర్వే చేసినప్పుడు నల్లమల అడవిల మన్ననూరు, ఫరహాబాద్ దాకా వచ్చింది అందుకే. నల్లమల పిట్ట కోసం నల్లమలకే పోవాలె.

జామచెట్టు_జడ్చర్ల
ఒక డౌటు. మా దగ్గర తేనెపిట్ట ఒకటి పైన మట్టిరంగు, కింద పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా నడుమ ఒక నల్ల గీత. వేరే జాతా?

ఉదయసముద్రం_గట్టు
వేరే కాదు, ఊదా తేనెపిట్ట మగదే. జత కట్టే కాలంల ఒళ్లంతా నీలినలుపు మెరుపు. ఆ కాలం అయిపోయినంక ఈకలు రాల్చి ఆడదాని లెక్క అయితది, ఆ గీత ఒక్కటే మిగులుతది. ఇంకో తేనెపిట్టకు మెడ, వీపు ముదురు ఎరుపు, నడుము ఊదా, పొట్ట పసుపు. దాని మగది రంగు మార్చదు, ఏడాదంతా గట్లనే ఉంటది.

కంటికి దొరకకపోతే చెవి వాడుండ్రి. మెర్లిన్ యాప్ల పాట రికార్డు పెడితే పేరు చూపిస్తది, కాని దాన్నే నమ్మి రాసుకోవద్దు, పిట్టను చూసి ఖాయం చేసుకోవాలె. ఫోన్ల పాట పెట్టి పిట్టను పిలుచుడు మాత్రం చెయ్యొద్దు. పెద్దనలంచి (మ్యాగ్‌పై రాబిన్) మగది, ఇంకో మగది తన జాగలకు వచ్చిందనుకొని, పిల్లలకు తిండి పెట్టుడు వదిలి వెతుక్కుంటది.

కట్టెపని_పాలమూరు
గూటి పెట్టె కావాల్నన్న వాళ్లకు కొలతలు. ముందొక మాట: తేనెపిట్ట, పిగిలిపిట్ట, లిక్కజిట్ట, గిజిగాడు పెట్టెలల్ల గుడ్లు పెట్టవు. వాటి గూడు అవే కట్టుకుంటయ్. పెట్టె పనికొచ్చేది పిచ్చుకకు, పెద్దనలంచికి.

పిచ్చుకకు: అడుగు 5 ఇంచులు × 5 ఇంచులు, వెనక పలక 9 ఇంచులు. కన్నం 32 మి.మీ., కన్నం నడిమి అడుగు నుంచి 6 ఇంచుల పైకి. కట్టె ముప్పావు ఇంచు మందం, వేప గాని మామిడి గాని. సన్న ప్లైవుడ్ ఎండకు కాలి లోపల పిల్లలు ఉడికిపోతయ్, రంపపుపొట్టు అట్ట వానకు ఉబ్బుతది. పైకప్పు ముందుకు 2 ఇంచులు దాటి వంపుగ ఉండాలె. అడుగున 6 మి.మీ. కన్నాలు నాలుగు, పైకప్పు కింద గాలికి రెండు. కన్నం ముందు నిలబడే పుల్ల పెట్టొద్దు, అది కాకికి, పిల్లికి పట్టు. లోపల రంగు వద్దు, నున్నగ చెయ్యొద్దు, పిల్లలు గరుకు పట్టుకొనే పైకి ఎక్కుతయ్.

పెద్దనలంచికి అదే పెట్టె, కన్నం రెండున్నర ఇంచులు. ఇందుల సమస్య గోరింక, అంత కన్నంల అది కూడ దూరుతది. బయటికి కనబడేటట్టు ఎత్తుల కట్టితే గోరింకకు దొరికినట్టే. ఆకుల చాటున 7 ఫీట్ల దగ్గర కట్టుండ్రి.

తూరుపు గాని ఉత్తరం గాని మొహం. ఫిబ్రవరిల కట్టాలె, పిల్లలు పూర్తిగ ఎగిరిపోయినంకనే తీసి దులపాలె.

పిగిలిపిట్ట
కట్టెపని అన్న చెప్పినదానికి తోడు. తేనెపిట్ట గూడు సాలెగూడు దారాలతోనే అల్లుకుంటది. సజ్జ కింద, కిటికీ మూలల బూజు మొత్తం దులపకుండ్రి, ఒకటి రెండు మూలలు వదలండ్రి. గూటికని దారం ముక్కలు, నైలాన్, వెంట్రుకలు వెయ్యొద్దు, పిల్లల కాళ్లకు చుట్టుకొని కోసుకపోతయ్. సంక్రాంతి అయినంక చెట్టు మీద తెగిన మాంజా ఉంటే కట్టెతోని తీసెయ్యాలె.

జామచెట్టు_జడ్చర్ల
బండి అద్దాన్ని పెద్దనలంచి పొద్దంతా పొడుస్తుంది. ఏం చెయ్యాలె?

ఉదయసముద్రం_గట్టు
అద్దంల దాన్నే చూసుకొని ఇంకో మగది అనుకుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా ఇది ఉంటది. బండి నిలిపినప్పుడల్ల అద్దానికి గుడ్డ సంచి తొడుగు. కిటికీ అయితే బయటి వైపు సబ్బు నురగ పూసి ఆరనియ్యి, ప్రతిబింబం పోతది. లోపల పరదా వేస్తే ఆగదు.

కొల్లాపూర్_మామిడి
మామిడి చెట్టు ఉన్నోళ్లకు ఒక మాట. కొమ్మ మీద బదనిక (చెట్టు రసం పీల్చి బతికే మొక్క) పడితే తేనెపిట్ట, పూలపిట్ట రెండూ దాని చుట్టే ఉంటయ్. తోటల అయితే బదనిక కొమ్మను ఎండబెడుతది, పట్టిన చోటికి అడుగు కిందికి కొమ్మ కోసెయ్యాలె. ఇంటి ముందు ఒక్క చెట్టే ఉంటే చిన్న గుత్తి ఒకటి ఉంచినా చెట్టుకు ముప్పు లేదు.

రెక్కమందారం
ఒక్క గుత్తి అని ఉంచితే ఆ పిట్టలే విత్తనాన్ని పక్కింటి మామిడికి అంటిస్తయ్. నేనైతే కోసెయ్యమనే చెప్త. తేనెపిట్టకు వేరే పూలున్నయ్ గదా.

బత్తాయితోట
అందరివి రాసుకున్న. పళ్లెం తీసేస్త, జాలీ పెట్టెల కొర్రలు, సామలు. వేప కింద మూకుడు, చుక్క నీళ్లు. తూరుపు మూలకు హమేలియా, ఎదురు మూలకు ఒంటి రెక్క మందారం, నడుమ దానిమ్మ. కరివేపాకు ఒక కొమ్మ వదిలేస్త. ఇప్పుడే నాటొచ్చా, వానలకు ఆగాల్నా?

రెక్కమందారం
జూన్‌ల రెండు మంచి వానలు పడ్డంక నాటు. గుంత ఒకటిన్నర ఫీటు లోతు, అంతే వెడల్పు ఇప్పుడే తవ్వి ఎండకు వదిలెయ్యి. నాటేటప్పుడు సగం మట్టి, సగం మాగిన పశువుల ఎరువు, ఒక పిడికెడు వేపపిండి. దానిమ్మ వేర్ల దగ్గర నీళ్లు నిలవొద్దు, అక్కడ మట్టి జర దిబ్బగ పొయ్యి. నీళ్ల మూకుడుకు మాత్రం ఆగే పని లేదు, రేపే పెట్టు.

పాలమూరు_పొద
మూకుడు పెట్టాక వారం రోజులు జాగా మార్చకండి. వేప కింద ఒక మూల రాలిన ఆకులు ఊడ్చకుండా వదిలితే నల్లంచి (ఇండియన్ రాబిన్) కూడా నేల మీద పురుగులు వెతుక్కుంటూ వస్తుంది.